కాలువ గట్టుకి దగ్గర్లో

శ్రోతలకు నమస్కారం.

నేను 34 ఏళ్ళు బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. చివరి పదేళ్ళూ విజయనగరంలోనే ఉన్నాం. రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉందనగానే ఇంట్లో ఒకటే మాట: తర్వాత ఎక్కడుందాం? నాతో పనిచేసినవాళ్ళలో చాలామంది విశాఖపట్నంలో ఫ్లాట్లు కొనుక్కున్నారు. మమ్మల్నీ రమ్మన్నారు. వెళ్ళి నాలుగైదు చోట్ల చూశాం కూడా. లిఫ్ట్ ఉందా, కారు పెట్టుకోడానికి చోటుందా, మంచినీళ్ళు ఎన్ని గంటలు వస్తాయి, ఇవన్నీ అడిగాం. పొద్దున్న లేచి గేటు దాటితే కాళ్ళు ఎటు పోతాయి అన్నది మాత్రం ఒక్క చోట కూడా అడగలేదు. అదే మొదట అడగాల్సిన ప్రశ్నని మాకు తెలియడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. ఇవాళ మీతో ఆ సంగతే చెప్పాలనుకుంటున్నాను.

నాకు షుగరు. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. డాక్టరుగారు ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టి, రోజూ ఒళ్ళు కదపాలన్నారు. ఆవిడ మోకాళ్ళకి నడక కంటే సైకిలు నయం అన్నారు. సైకిలు మీద ఒంటి బరువు సీటు మోస్తుంది, మోకాలు ఊరికే తిరుగుతుంది. సరేనని రెండు సైకిళ్ళు కొన్నాం. ఆవిడ హైస్కూల్లో ఉన్నప్పుడు తొక్కింది, మళ్ళీ ఇప్పుడే. మూడో రోజు పొద్దున్న ఒక బస్సు నన్ను రాసుకుంటూ పోయింది. మోచెయ్యి చీరుకుపోయింది, నాలుగు కుట్లు పడ్డాయి. అంతే, రెండు సైకిళ్ళూ మెట్ల కిందికి చేరాయి.

అటుపైన ఒక వేసవిలో మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళాం. వాళ్ళుండేది పిట్స్‌బర్గ్. వెంకటేశ్వరస్వామి గుడి ఉంది కాబట్టి మనవాళ్ళు చాలామందికి ఆ ఊరి పేరు తెలుసు. నాకు మాత్రం ఆ ఊరంటే గుర్తొచ్చేది అక్కణ్ణుంచి మొదలయ్యే ఒక సైకిలు బాట. దాని పేరు గ్రేట్ ఎలిగేనీ ప్యాసేజ్. పిట్స్‌బర్గ్ నుంచి మేరీల్యాండ్ రాష్ట్రంలో కంబర్లాండ్ అనే ఊరి దాకా 240 కిలోమీటర్లు. కార్లూ లేవు, మోటారు సైకిళ్ళూ లేవు. కంబర్లాండ్‌లో అది ఇంకో బాటని కలుస్తుంది. అది పాత పడవల కాలువ గట్టు, మరో 297 కిలోమీటర్లు పోయి వాషింగ్టన్‌లో తేలుతుంది. ఓపికున్నవాళ్ళు మొత్తం తొక్కుతారు. మేము తొక్కింది 17 కిలోమీటర్లు. అది మా జీవితాన్ని మార్చింది.

ఆ 17 కిలోమీటర్లూ కాన్‌ఫ్లుయెన్స్ అనే ఊరి నుంచి ఒహాయోపైల్ అనే ఊరి దాకా. ఆ బాటలో మొట్టమొదట, 1986లో, తెరిచిన ముక్క కూడా ఆ రెండు ఊళ్ళ మధ్యదే. మొత్తం బాట పూర్తయ్యేసరికి 2013 అయింది. కాన్‌ఫ్లుయెన్స్ అంటే సంగమం. యాకగేనీ, కాసెల్మన్ అనే రెండు నదులూ, లారెల్ హిల్ అనే ఏరూ అక్కడ కలుస్తాయి. అల్లుడు ఈ సంగతి చెప్పగానే మా ఆవిడ, "అయితే ఇది వీళ్ళ సంగాం" అంది. వంగర మండలంలో సంగాం మీలో చాలామంది ఎరిగినదే. నాగావళి, సువర్ణముఖి, వేగావతి మూడూ కలిసే చోటు, సంగమేశ్వరస్వామి గుడి, శివరాత్రి జాతర. ఆవిడ పుట్టినూరు అక్కడికి దగ్గరే.

కాన్‌ఫ్లుయెన్స్ వెయ్యి మంది కూడా లేని ఊరు. సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్టు, బాటసారులు పడుకోడానికి గదులిచ్చే ఇళ్ళు, రెండు మూడు చిన్న హోటళ్ళు కనిపించాయి. ఆ హోటళ్ళలో ఒకదాని బయట బల్ల మీద ఒక దంపతులు కూర్చుని ఉన్నారు. ఇద్దరికీ డెబ్భై దాటి ఉంటాయి. పలకరిస్తే చెప్పారు: రిటైరయ్యాక నగరంలో ఇల్లు అమ్మేసుకుని ఇక్కడికి వచ్చేశామని. ఎందుకని అడిగాను. ఆ పెద్దావిడ సైకిలు హ్యాండిలు మీద చెయ్యేసి, "ఇంటి నుంచి బాటకి రెండు నిమిషాలు" అంది. కష్టాలు కూడా దాచలేదు. ఆసుపత్రికి అరగంట పైన కారు నడపాలి. చలికాలం మంచు పడితే నెలల తరబడి సైకిలు ఇంట్లోనే. ఆ బాట మీదే బిగ్ సావేజ్ అనే పాత రైలు సొరంగం ఉంది, కిలోమీటరు పొడవు. చలికాలమంతా దాని తలుపులు మూసేస్తారు. కారు తోలే ఓపిక పోయిన రోజున ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదన్నారు. అన్నీ చెప్పి, "అయినా మళ్ళీ ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటాం" అన్నారు.

ఆ రోజు నన్ను ఆశ్చర్యపరిచింది మా ఆవిడ. 17 కిలోమీటర్లు తొక్కి దిగి, మోకాలు పట్టుకోలేదు. చుట్టూ చూస్తే కొండలే, మరి ఎక్కినట్టే లేదేం? సంగతేమిటంటే అది పాత రైలు దారి. గూడ్సు బండి నిటారు ఎత్తు ఎక్కలేదు. అందుకని వంద సంవత్సరాల క్రితమే కొండని చుట్టి, లోయ మీద వంతెన కట్టి, సొరంగం తవ్వి, దారిని సాఫీగా వేశారు. రైళ్ళు ఆగిపోయాక పట్టాలు పీకి, సున్నపురాయి పొడి పరిచారు. వాన వెలిసిన కాసేపటికి అది ఆరిపోతుంది, బురద కాదు. రైలు ఎక్కగలిగిన దారి ముసలివాళ్ళూ ఎక్కగలరు. కాలువ గట్టు అంతకంటే నయం. నీళ్ళు వాటంతటవి పారాలి కదా, వాలు కంటికి కూడా ఆనదు.

ఆ కాలువ గట్టు కథ తప్పకుండా చెప్పాలి. పూర్వం ఆ గట్టు మీద కంచర గాడిదలు నడుస్తూ తాళ్ళతో పడవలు లాగేవి. 1924లో వరద వచ్చి కాలువ మూతపడింది. 1950ల్లో ఆ గట్టు పొడవునా కార్ల రోడ్డు వెయ్యాలనుకున్నారు. ఒక పెద్ద పత్రిక కూడా రోడ్డే మంచిదని సంపాదకీయం రాసింది. అప్పుడు అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఆ పత్రికకి ఉత్తరం రాశారు: నాతో కలిసి గట్టు వెంట నడవండి, నడిచాక మీ అభిప్రాయం చెప్పండి అని. 1954 మార్చిలో నడక మొదలుపెట్టి ఎనిమిది రోజుల్లో కంబర్లాండ్ నుంచి వాషింగ్టన్ చేరారు. అప్పటికి ఆయన వయసు 55. నడిచాక పత్రిక మాట మార్చుకుంది. 1971లో ఆ కాలువా గట్టూ జాతీయ పార్కు అయ్యాయి. ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కళ్ళ ముందు మన కాలువ గట్లే మెదిలాయి.

మన రైలు దారులు మనకి కావాలి. నౌపడా నుంచి గుణుపూర్ పోయే చిన్న రైలు చూడండి. 1900లో పర్లాకిమిడి రాజావారి హయాంలో మొదలైన నారోగేజి, ఆగిపోయి, బ్రాడ్‌గేజిగా మారి 2011లో మళ్ళీ నడిచింది. అది రైలుగానే ఉండాలి, ఉండటమే మంచిది. కానీ కాలువలు? వంశధార మీద గొట్టా బ్యారేజీ నుంచి ఎడమ కాలువ నరసన్నపేట, టెక్కలి వైపు సాగి పలాస దాకా పోతుంది. సువర్ణముఖి మీద మడ్డువలస నుంచి కుడి కాలువ వంగర, రేగిడి, సంతకవిటి దాటి జి.సిగడాం, పొందూరు వైపు వస్తుంది. 2022లో జిల్లాలు విడిపోయాక ఈ కాలువ విజయనగరంలో పుట్టి శ్రీకాకుళంలో ముగుస్తోంది. అన్నిటికీ గట్లున్నాయి. కాలువ నీళ్ళ సంగతి చూసుకునే లస్కర్లు తిరగడానికి, జీపు పోవడానికి వేసిన మట్టి దారులున్నాయి. కొత్తగా స్థలం కొనక్కర్లేదు, ఎవరి పొలమూ పోదు.

ఇండియా వచ్చాక మేము ఊరు వెతుక్కునే పద్ధతే మారిపోయింది. ఇళ్ళు చూడటం మానేసి గట్లు చూశాం. రాజాం చూశాం. ఊరు బాగుంది, ఆసుపత్రులున్నాయి, కానీ మేము చూసిన ఇంటి నుంచి గట్టు చేరాలంటే చిలకపాలెం - రాయగడ రోడ్డు మీద లారీల మధ్య పోవాలి. మోచేతి కుట్లు గుర్తొచ్చాయి. కళింగపట్నం వైపు చూశాం. సముద్రం, దీపస్తంభం, చల్లగాలి, మనసు అక్కడే ఉండిపోయింది. కానీ ఆ ఒడ్డున తుఫాను మాట మరిచిపోలేం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు కరెంటూ నీళ్ళూ లేక జనం పడిన పాట్లు కళ్ళారా చూశాను. డెబ్భై ఏళ్ళ వయసులో అది తట్టుకోగలమా అని ఆలోచించి వెనక్కి వచ్చాం.

చివరికి పొందూరులో ఆగాం. హౌరా - చెన్నై మెయిన్ లైను మీద స్టేషనుంది. ఆసుపత్రి పని పడితే శ్రీకాకుళం దగ్గర. కొనలేదు, ఏడాది అద్దెకి తీసుకున్నాం. ఈ మాట గట్టిగా చెబుతున్నాను: దాచుకున్న డబ్బంతా పెట్టి ఇల్లు కొనే ముందు ఆ ఊళ్ళో ఒక మే నెలా, ఒక అక్టోబరూ గడపండి. మేలో ఐదున్నరకి బయల్దేరకపోతే ఏడున్నరకే ఎండ నెత్తి మాడుస్తుంది. అక్టోబరులో గట్టు మీద బంకమట్టి చక్రానికి చుట్టుకుని సైకిలు కదలదు, దిగి తోసుకోవాలి. ఆ రెండూ చూశాక కూడా ఊరు నచ్చితే అప్పుడు అది మీ ఊరు.

మొదటి వారం గట్టు మీద ఒక రైతు నన్ను ఆపాడు. "ఏటి మాస్టారూ, బండి గానీ పాడైపోనాదేటి, సైకిలు మీదొస్తన్నారు?" అన్నాడు. కావాలనే తొక్కుతున్నానని చెప్తే నమ్మలేదు. ఇప్పుడు రెండ్రోజులు కనపడకపోతే ఇంటికి కబురు పెడతాడు. కాన్‌ఫ్లుయెన్స్ దంపతులు ఇదే మాట వాళ్ళ పద్ధతిలో చెప్పారు: బాట మీద రోజూ కనిపించే మొహాలే వాళ్ళకి చుట్టాలట. ఫ్లాట్లో తలుపు వేసుకుంటే ఇది దొరకదు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక్కోసారి ఖద్దరు వడికేవాళ్ళ ఇంటి ముందు ఆగుతాం. పొందూరు ఖద్దరు పేరు అందరికీ తెలుసు, పని చూసినవాళ్ళు తక్కువ. అరుగు మీద కూర్చుని ఒకామె గింజ తియ్యని పత్తి పాయని ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతుంది. ఆ దవడకి సన్నటి పళ్ళు, మన దువ్వెన కంటే సన్నవి. ఒక్కసారి లాగితే చెత్త రాలిపోయి పోగులన్నీ ఒకే వైపు పడుకుంటాయి. మా ఆవిడ చెయ్యి చాపి ఆ పత్తిని పట్టుకుంటే, ఉన్నట్టే తెలియలేదంది. కారులో పోతే ఆ అరుగు దగ్గర ఆగం. సైకిలు కాబట్టి ఆగాం.

ఇక గట్టుకి కావలసినవి చెప్తాను, వినే అధికారులు ఉంటే మనవిగానే తీసుకోండి. బంకమట్టి ఉన్నచోట గ్రావెల్ పరిచి రోలరు తొక్కించాలి. నాటు తుమ్మ కంపలు కొట్టించాలి, వారానికి ఒక పంక్చరు ఆ ముళ్ళ వల్లే. పిల్లకాలువలు దాటే చోట విరిగిన తూముల మీద పలకలు వెయ్యాలి. ట్రాక్టరు దూరకుండా, సైకిలూ నడిచేవాళ్ళూ దూరేలా రాళ్ళు పాతాలి. రైతు ట్రాక్టరుకి మాత్రం దారి విడిగా చూపాలి, గట్టు ముందు వాళ్ళదే. ఐదు కిలోమీటర్లకో కానుగ చెట్ల గుంపు, ఒక బోరింగు. వడ్డించిన విస్తరి ఉంది, మంచినీళ్ళ గ్లాసు పెట్టమంటున్నాం, అంతే. అది జరిగితే సంగాం గుడి నుంచి పొందూరు దాకా, ఎవరికీ భయపడకుండా, సైకిలు మీద పోవచ్చు. నడుమనున్న ఊళ్ళలో టీ కొట్టుకీ, ఒక రాత్రి గది ఇచ్చే ఇంటికీ నాలుగు డబ్బులొస్తాయి. కాన్‌ఫ్లుయెన్స్‌లో నేను చూసింది అదే.

పొద్దున్న ఆ గట్టు మీద మాకంటే ఎక్కువ తొక్కేది హైస్కూలు ఆడపిల్లలు. మొన్న తూము దగ్గర ఒక పిల్ల సైకిలు చెయిన్ ఊడిపోయి నిలబడిపోయింది. బడికి వేళవుతోందని కళ్ళలో నీళ్ళు. మా ఆవిడ తన సైకిలు స్టాండు వేసి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, కింద గొంతుక్కూర్చుంది. మూడేళ్ళ క్రితం ఆవిడ అలా కూర్చోగలిగేది కాదు. పుల్లతో చెయిన్ ఎత్తి పళ్ళ మీద వేసి పెడలు తిప్పింది. చేతులు కాలువలో కడుక్కుని లేస్తుంటే ఆ పిల్ల అడిగింది:

"రేపు కూడా వత్తారా మామ్మా?"

"ఎండ రాకముందే వస్తాం" అంది మా ఆవిడ.

నమస్కారం.