డాట్‌కామ్ అనే మాట ఎలా పుట్టింది?

(తెర మీద బ్రౌజర్ అడ్రస్ గడి. ఒక్కో అక్షరమే పడుతుంది: అమెజాన్ డాట్ కామ్)

ఈ అడ్రస్‌ని ఒక్కసారి వెనక నుంచి చదవండి. కంప్యూటర్ చదివేది అలాగే. ముందు 'కామ్' జాబితా ఎవరి దగ్గరుందో కనుక్కుంటుంది, ఆ తర్వాతే అందులో 'అమెజాన్' కోసం వాకబు చేస్తుంది. మధ్యలో చుక్క ఉన్నది ఆ రెంటినీ విడదీయడానికే. అన్నట్టు, నియమం ప్రకారం కామ్ తర్వాత కూడా ఇంకో చుక్క ఉంది. మనమెవరమూ టైప్ చెయ్యం, అంతే.

'కామ్' అంటే కంపెనీ అనుకుంటారు చాలామంది. కాదు, కమర్షియల్.

(తెర మీద బీరువా అరలు, ఒక్కో అరకీ ఒక చీటీ)

1984 అక్టోబర్‌లో జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ అనే ఇద్దరు అమెరికా కంప్యూటర్ నిపుణులు, ఇంటర్నెట్ పేర్ల చివర ఏముండాలో చెబుతూ ఒక సాంకేతిక పత్రం రాశారు. చదువుల సంస్థలకి ఈడీయూ, ప్రభుత్వానికి గవ్, సైన్యానికి మిల్, వ్యాపారానికి కామ్. అరకి అంటించే చీటీ లాంటిదే తప్ప అందులో హంగేమీ లేదు. మొదటి కామ్ పేరు 1985 మార్చి 15న నమోదైంది. తీసుకున్నది సింబాలిక్స్ అనే కంప్యూటర్ల తయారీ కంపెనీ. పేరు నమోదుకి రుసుము మొదలైంది 1995లో, రెండేళ్లకి 100 డాలర్లు. అప్పటిదాకా ఉచితమే!

వెబ్ వచ్చాక చీటీ కాస్తా ఒక రకం కంపెనీకి పేరైంది. వెబ్‌సైట్ ఉన్న ప్రతి బ్యాంకూ డాట్‌కామ్ కాదు. వ్యాపారమంతా, లేదా దాదాపు అంతా, ఇంటర్నెట్ మీదే నడిస్తే అది డాట్‌కామ్.

ఇక అక్కణ్ణుంచి వెర్రి. ఉన్న పేరుకే డాట్‌కామ్ తగిలించుకున్న కంపెనీలు బోలెడు. 1998-99లో అమెరికాలో అలా పేరు మార్చుకున్న 95 కంపెనీలని పరిశోధకులు లెక్కగట్టారు. ప్రకటనకి అటూ ఇటూ కలిపి పది రోజుల్లో ఆ షేర్లు మార్కెట్‌ని మించి సగటున 74 శాతం ఎగిశాయి. ఇంటర్నెట్‌తో పెద్దగా సంబంధం లేనివాటికీ ఆ లాభం దక్కింది.

(తెర మీద నాస్‌డాక్ గీత, నిటారుగా పైకి, ఆపైన కిందికి)

టెక్నాలజీ కంపెనీలు ఎక్కువగా ఉండే అమెరికా షేర్ల సూచీ నాస్‌డాక్ 2000 మార్చి 10న 5,048 దగ్గర ముగిసింది. 2002 అక్టోబర్ 9కి 1,114. పెంపుడు జంతువుల సరుకులమ్ముతూ, బొమ్మ కుక్కతో ప్రకటనలిచ్చి ఊదరగొట్టిన పెట్స్ డాట్ కామ్ 2000 ఫిబ్రవరిలో జనానికి షేర్లు అమ్మి, నవంబర్‌లో దుకాణం కట్టేసింది. దాంతో డాట్‌కామ్ అంటే వెక్కిరింతైపోయింది. తగిలించుకున్నవాళ్లే పేర్లోంచి పీకేయడం మొదలుపెట్టారు.

అలా పీకేసినప్పుడు కూడా షేర్లు పెరిగాయి.