వి-క్రాస్‌కి వించ్: బంపర్ విప్పితేగానీ అసలు పని కనబడదు

ముందు ఈ ప్లేటు చూడండి. ఆగండి, కెమెరా కొంచెం కిందికి దించుతాను. ఇదిగో, ఇక్కడ, ముందు అంచు, కుమ్మడానికి తల దించిన పొట్టేలులా కిందికి వంగిపోయింది కదా. వించ్ అంటే రోపు చివర చెట్టుకి కట్టి, మోటారుతో ఆ రోపుని డ్రమ్ము మీద చుట్టుకుంటూ దిగబడ్డ బండిని బయటికి లాగే యంత్రం. అది కూర్చునే 5 ఎంఎం ప్లేటు ఇది. ఒక్కసారి లాగితే ఇలా అయింది. వించ్‌కి మాత్రం గీత కూడా పడలేదు. ఇదెందుకు వంగింది, రెండోసారి ఏం మార్చాం అన్నదే ఈ వీడియో. ఏ కంపెనీ వించ్ మంచిది అని వినడానికి వచ్చినవాళ్ళు ఏమీ అనుకోకండి, ఆ సంగతి పెద్దగా రాదు.

కథ ఎక్కడ మొదలైందంటే, మొన్న వానల్లో నంద్యాల అవతల మా బావమరిది పొలానికి వెళ్తూ బండి నల్లరేగడిలో దిగబడింది. ఇసుజు డీ-మ్యాక్స్ వి-క్రాస్, మన శ్రీసిటీలోనే తయారయ్యే బండి, ఫోర్ బై ఫోర్ ఉంది కదా అని నాకో ధీమా. తడిసిన నల్లరేగడిలో టైరు గాళ్ళన్నీ మట్టితో పూడిపోయి టైరు నున్నగా అయిపోతుంది, ఇక 4 చక్రాలు తిరిగినా అక్కడే తిరుగుతాయి. నేను యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఇంకా దిగింది. చివరికి ట్రాక్టర్ వచ్చి లాగింది, 1500 తీసుకున్నాడు. డబ్బు పోతే పోయింది, "ఇంత పెద్ద బండి పెట్టుకుని ఏందన్నా ఇది" అని నవ్వాడు చూడండి, అది తట్టుకోలేక వించ్ కొన్నాను.

9500 పౌండ్లది తీసుకున్నా. అంటే దాదాపు 4300 కిలోలు. ఎంత పెద్దది కావాలి అనేదానికి అందరూ వాడే లెక్క ఒకటే: మనుషులు, సామాను అన్నీ కలిపి బండి బరువెంతో దానికి ఒకటిన్నర రెట్లు. నా బండి నిండుగా ఉంటే రెండున్నర టన్నుల పైమాటే అనుకుందాం, దాదాపు నాలుగు టన్నులు వస్తుంది, సరిపోయింది. కానీ డబ్బా మీద రాసిన ఆ నంబరు డ్రమ్ము మీద రోపు ఒక్క వరస ఉన్నప్పటిది. వరస మీద వరస చుట్టుకునేకొద్దీ డ్రమ్ము లావు పెరిగి లాగే బలం తగ్గిపోతుంది, డ్రమ్ము నిండా రోపు ఉంటే చేతికి వచ్చేది మూడింట రెండొంతులే అనుకోండి. చెట్టు దగ్గరగా ఉంది, హాయిగా లాగేయొచ్చు అనుకుంటాం, కానీ అప్పుడు రోపు చాలావరకు డ్రమ్ము మీదే ఉండిపోతుంది, అక్కడే వించ్ మూలుగుతుంది.

ఇక ప్లేటు సంగతి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షెడ్డుకి తీసుకెళ్ళాను, ఏ షెడ్డో చెప్పను, ఎందుకంటే తప్పు సగం నాదే. బంపర్ విప్పితే వెనక అడ్డంగా ఒక కమ్మీ ఉంటుంది, ఛాసీ, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రం, దాని రెండు కొనలనీ కలుపుతూ. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. మేస్త్రి దాని మీదే ప్లేటు పెట్టి వెల్డింగ్ కొట్టేద్దాం అన్నాడు. "బాబాయ్, ఇది ఆగుతుందా" అంటే, "ఏం కాదు బాబూ, లారీలకే కొడతాం" అన్నాడు. నేనూ తల ఊపాను. ఆ కమ్మీ పలచటి రేకుని మడిచి చేసింది, యాక్సిడెంట్ అయితే నలిగి దెబ్బని తను తీసుకోవడానికి పెట్టింది, నాలుగు టన్నులు ముందుకి గుంజితే ఓర్చుకోవడానికి కాదు. ఇంటి పక్క వేపచెట్టుకి కట్టి, వెనక చక్రాలకి రాళ్ళు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి టెస్ట్ చేశాం. రోపు బిగిసింది, టక్‌మని ఒక శబ్దం, వించ్ వెనక కాళ్ళు లేచాయి, ముందుకి ఒరిగింది. రోపు ప్లేటు కంటే కొంచెం ఎత్తులో లాగుతుంది కదా, ఆ ఎత్తు వల్ల వించ్ ముందుకి బోర్లా పడాలని చూస్తుంది, దాన్ని వెనక నుంచి పట్టుకునేది ఏదీ లేదు. కమ్మీ మెలి తిరిగిపోయింది. కొత్త కమ్మీ కొనాల్సి వచ్చింది, అదో ఖర్చు.

రెండోసారి వేరే షెడ్డు. ఇక్కడి మేస్త్రి ముందు అట్టముక్క కత్తిరించి ఛాసీ కొన మీద పెట్టి, కంపెనీ వాడు వదిలిన రంధ్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాడు, అప్పుడే నాకు నమ్మకం వచ్చింది. 8 ఎంఎం ప్లేటుతో రెండు పక్కలా రెండు బ్రాకెట్లు, ఛాసీ పక్కగా వెనక్కి పోయి బోల్టులతో బిగుసుకుంటాయి. వాటి మధ్య వించ్ కూర్చునే ప్లేటు, అంచులు పైకి మడిచి, మూలల్లో గట్టిదనానికి త్రికోణం ముక్కలు వెల్డింగ్ చేసి. ఛాసీ మీద వెల్డింగ్ ఒక్క చుక్క కూడా లేదు. వెల్డింగ్ అంతా బల్ల మీదే చేసి తెచ్చి బిగించాడు. మీ మేస్త్రి బండి మీదే కొడతానంటే కనీసం బ్యాటరీ తీగలు విప్పించండి, లేకపోతే ఇంజిన్ కంప్యూటర్ పోయే ప్రమాదం ఉంది, అది పోతే వించ్ ఖర్చు చిల్లరలా కనిపిస్తుంది. కొత్త కమ్మీ ఎక్కడిదక్కడే ఉంది, కొయ్యలేదు. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల జోలికీ పోలేదు.

బోల్టులు. ఇక్కడ కొంచెం దగ్గరగా చూపిస్తాను. ఈ తల మీద 8.8 అని అచ్చు ఉంది చూడండి. ఈ రెండోదాని మీద 4.6. రెండూ 10 ఎంఎం బోల్టులే, చేతిలో పెట్టుకుంటే తేడా తెలీదు. 8.8 ఉన్నది సాగిపోకుండా దాదాపు 3.4 టన్నులు ఓర్చుకుంటుంది, 4.6 అయితే 1.3 దగ్గరే ఆగిపోతుంది. షాపులో "హెచ్‌టీ బోల్టు ఇవ్వండి", అంటే గట్టి రకం హై టెన్సైల్ బోల్టు అని అడిగితే సరిపోదు, తల తిప్పి నంబరు చూసి తీసుకోండి. వించ్ కాళ్ళకి నాలుగే బోల్టులు, అడ్డంగా 10 అంగుళాలు, నిలువుగా నాలుగున్నర అంగుళాల దూరం, ఈ సైజు వించ్‌లకి చాలావరకు ఇదే కొలత, అందుకే రేపు వించ్ మార్చినా ప్లేటు అదే పనికొస్తుంది.

ఇప్పుడు నా రెండో తెలివితక్కువ పని. అంతా బిగించి, బంపర్ ఎక్కించి, టీ తాగి వచ్చి క్లచ్ లివర్ తిప్పబోతే అది గ్రిల్‌కి తగులుకుని కదలదు. రోపుని చేత్తో బయటికి లాగాలంటే ఆ లివర్ తిప్పి డ్రమ్ముని వదులు చేయాల్సిందే. మళ్ళీ బంపర్ కింద పెట్టాం. గేరుబాక్సు చుట్టూ చిన్న చిన్న బోల్టులు ఉంటాయి, అవి విప్పితే లివర్ ఏ వైపు కావాలంటే ఆ వైపుకి తిప్పుకోవచ్చు. వించ్‌ని ప్లేటు మీద పెట్టకముందే చేసుకుంటే అరగంట పని, నాకు ఒక సాయంత్రం పోయింది.

బుల్ బార్, అంటే బంపర్ ముందు బిగించే ఇనుప గొట్టాల చట్రం, ఎందుకు పెట్టించలేదు, దానికే వించ్ కట్టొచ్చు కదా అని మా బావమరిది అడిగాడు. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ బుల్ బార్లు, క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద. ఎదురొచ్చే మనిషికీ ప్రమాదం, మన ఎయిర్‌బ్యాగ్‌కీ అడ్డం. వించ్ బంపర్ వెనక దాక్కుంది కదా, ఇక ఎవరూ అడగరు అని మాత్రం నేను అనను. మీ ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర ముందే అడిగి మొదలుపెట్టండి.

కరెంటు విషయానికి వస్తే, చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇదే. పూర్తి బరువు మీద ఈ మోటారు 400 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసే మన ఆల్టర్నేటర్ ఇచ్చేది 100 అటూ ఇటూ. మిగతాదంతా బ్యాటరీ నుంచే పోతుంది. అందుకే ఇంజిన్ ఆన్‌లో ఉంచి, కొంచెం రేజ్ చేసి, కాసేపు లాగి, ఆపి, మోటారు మీద చెయ్యి పెట్టి చూసి, మళ్ళీ లాగాలి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే టీకి వెళ్ళండి. కేబుల్ 35 స్క్వేర్ ఎంఎం మందం రాగిది వేశాను, వెల్డింగ్ సామాను షాపులో దొరికింది. కేబుల్ కొనలకి తొడిగే లగ్గులు సుత్తితో కొట్టి బిగించకండి, వాటిని నొక్కి బిగించే హైడ్రాలిక్ క్రింపింగ్ మిషన్ ఉన్నచోట చేయించండి. మైనస్ తీగ కూడా బాడీకి కాకుండా నేరుగా బ్యాటరీకే. మధ్యలో లారీలకి వాడే కటాఫ్ స్విచ్, వాడనప్పుడు ఆఫ్. రేకు అంచుల దగ్గర రబ్బరు బుష్, పైన గొట్టం. ఆ ప్లస్ తీగ ఒరుసుకుని బాడీకి తగిలిందంటే ఫ్యూజ్ పోయి ఆగడానికి అక్కడ ఫ్యూజ్ లేదు, మంటే.

రోపు సింథటిక్ తీసుకున్నాను. ఇనుప వైరు అయితే ముందు చక్రాల ముందర ఇంకో పది కిలోల దాకా పెరిగేది, ఇప్పటికే ముక్కు కొంచెం దిగి హెడ్‌లైట్లు సరిచేయించాల్సి వచ్చింది. తెగితే కూడా వైరులా కొరడాలా లేవదు, అలాగని ఎదురుగా నిలబడకండి. మన ఎండకి, ఇసుకకి తొందరగా పాడవుతుంది, అది నిజం. సింథటిక్‌కి రోపు బయటికొచ్చే చోట రోలర్లు వద్దు, నున్నటి అల్యూమినియం నోరు చాలు.

నిన్న చేసిన చివరి పని రోపు చుట్టడం. కొత్త రోపు డబ్బాలోంచి వచ్చినట్టే వదిలేస్తే మొదటి బరువుకే పై వరస కింది వరసల్లోకి దిగి ఇరుక్కుంటుంది. అందుకని చివర 10 చుట్లు డ్రమ్ము మీద మిగిలేదాకా బయటికి తీశాం, ఆ 10 చుట్లు ఎప్పుడూ విప్పకూడదు, అక్కడ రోపు మీద ఎర్ర టేపు చుట్టాను. తర్వాత కొద్దిగా ఎత్తున్న రోడ్డు మీద అదే వేపచెట్టుకి బెల్టుతో కట్టి, బండి న్యూట్రల్‌లో పెట్టి, మా బావమరిది బ్రేకు లైట్‌గా తొక్కుతూ ఉంటే, బండి తనని తాను చెట్టు దగ్గరికి లాక్కుంటూ వెళ్ళింది. రోపు డ్రమ్ముకి కింది వైపు నుంచే లోపలికి వెళ్ళాలి, పైనుంచి చుట్టుకుంటే లోపలి బ్రేకు పట్టదు, ఇది గమనించండి. నేను గ్లవ్స్ వేసుకుని, రిమోట్ పట్టుకుని, పక్కగా దూరంగా నడిచాను. ప్లేటు దగ్గర ముందే స్కేలు పెట్టి గీత గీసుకున్నా, అయ్యాక మళ్ళీ కొలిస్తే గీత గీతలాగే ఉంది.

నంబరు ప్లేటు ఒక్కటి మిగిలింది. రోపు బయటికొచ్చే నోరు సరిగ్గా దాని వెనకే పడింది, దాన్ని ఎలా బిగించాలో ఇంకా తేలలేదు.