రక్తం పలచబరిచే మాత్రలు: ఆడవారి మోతాదులో జరిగే పొరపాట్లు

అందరికీ నమస్కారం.

గుండె లయ తప్పే జబ్బయిన ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె పై గదులు సరిగా ముడుచుకోవు. అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం. ఆ ముప్పును అంచనా కట్టే స్కోరులో ఆడవారికి ఒక పాయింటు అదనంగా వేసేవారు. 2024లో యూరోపియన్ కార్డియాలజీ సొసైటీ దాన్ని తీసేసింది. వయసు, బీపీ, షుగర్, పాత పక్షవాతం లాంటివి లేనిచోట, కేవలం ఆడమనిషి అయినందుకు రక్తం పలచబరిచే మందు మొదలుపెట్టక్కర్లేదు.

అయితే మోతాదు దగ్గర ఆడా మగా తేడా చూడాల్సిందే. 70 ఏళ్లు, 50 కిలోలు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) 1.2 ఉన్న ఒకావిడను తీసుకోండి. రిపోర్టు చూస్తే కంగారేమీ అనిపించదు. కిడ్నీల వడపోత లెక్క కట్టండి: 140లోంచి వయసు తీస్తే 70. దాన్ని బరువుతో గుణిస్తే 3500. సూత్రంలోని 72ను క్రియాటినిన్ 1.2తో గుణించగా వచ్చిన 86.4తో భాగిస్తే సుమారు 40.5. ఆడవారు కాబట్టి 0.85తో గుణిస్తే సుమారు 34. కిడ్నీల వడపోత నిమిషానికి 34 మిల్లీలీటర్లే! రక్తం పలచబరిచే రివరాక్సబాన్ 20 కాదు, 15 మిల్లీగ్రాములే ఇవ్వాలి. అదీ అన్నం తిన్నాకే. ఖాళీ కడుపున వేసుకుంటే సరిగా ఒంటబట్టదు. శనివారం ఒంటిపూట ఉండేవారు ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

అదే ఆవిడకు అలాంటిదే మరో మందు అపిక్సబాన్ రాస్తే 5 మిల్లీగ్రాములు, రెండు పూటలా. వయసు 80 లేదా పైన, బరువు 60 కిలోలు లేదా లోపు, క్రియాటినిన్ 1.5 లేదా పైన: వీటిలో కనీసం రెండుంటే 2.5కి తగ్గించాలి. ఆవిడకు ఉన్నది ఒక్కటే. సన్నగా ఉందని సగం మాత్ర ఇస్తే పక్షవాతాన్ని ఆపేంత మందు ఒంట్లో ఉండదు. ఈ పొరపాటు నన్ను ఎక్కువగా బాధిస్తుంది, ఎందుకంటే అది జాగ్రత్తలా కనిపిస్తుంది.

నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంటే మాత్ర మానకండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) చూపించుకోండి. అవసరమైతే డాక్టరు మందు మారుస్తారు.

కీళ్లవాత జ్వరంతో మైట్రల్ కవాటం (గుండె ఎడమవైపు గదుల మధ్య తలుపు) బాగా ఇరుకైనవారికి, వీరిలో ఆడవారే ఎక్కువ, ఈ స్కోరు వర్తించదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కూడా ఉంటే వార్ఫరిన్ గానీ అదే తరహా మందు అసిట్రోమ్ గానీ వాడి ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూపే పరీక్ష) 2–3 మధ్య ఉంచాలి. ఆకుకూరలు మానక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే మేరకు తింటే చాలు. నెల తప్పిందనిపిస్తే మాత్రం ఆగకుండా డాక్టరును కలవండి: ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా ఈ మందులు బిడ్డ ఎముకలకు, ముక్కుకు హాని చేయవచ్చు. అలాగని సొంతంగా ఆపేస్తే తల్లికి గడ్డకట్టే ప్రమాదం. రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇంజెక్షన్‌కు మార్చాలా వద్దా అన్నది ఆ వారాలు రాకముందే తేల్చాలి.