పాత కారు విడిభాగాలు: ఆనవాలు పట్టడం, అవసరమున్న కారుకు చేర్చడం

సభలోని పెద్దలకు, పని ఆపుకొని వచ్చిన మెకానిక్ సోదరులకు నమస్కారం.

పాత కార్లు అనగానే మన హైదరాబాదులో మాట నిజాం వారి రోల్స్ రాయిస్ మీదికి వెళ్లిపోతుంది. వాటి బాగోగులు చూడడానికి డబ్బూ మనుషులూ ఉన్నారు. నేను మాట్లాడబోయేది అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ కార్ల సామాను గురించి. 1957లో మొదలైన అంబాసిడర్ తయారీ ఉత్తరపారాలో 2014 మే నెలలో ఆగిపోయింది. బొంబాయి కుర్లాలో తయారై, 1974 నుంచి పద్మిని పేరుతో నడిచిన ఫియట్ అంతకు ముందే ఆగింది. 1961 నుంచి మద్రాసులో తయారైన హెరాల్డ్ ఇంకా ముందే కనుమరుగైంది. ఈ మూడింటి విడిభాగాలూ ఇప్పటికీ విజయవాడ ఆటోనగర్‌లోనూ, చెన్నై పుదుపేటలోనూ గుట్టల అడుగున దొరుకుతున్నాయి. అయితే ఏది దేనిదో చెప్పేవారు తగ్గిపోవడంతో వాటిలో చాలా భాగం కిలోల లెక్కన కొలిమికి పోతున్నది.

ఒక భాగం ఏ కారుదో చెప్పడానికి దానిని ఏ కారు నుంచి ఊడదీశామన్న సమాచారాన్ని మించిన సాక్ష్యం లేదు. ఆ సాక్ష్యం పానా పెట్టిన పూట మన కళ్లెదుటే ఉంటుంది, సాయంత్రానికి సామానంతా ఒకే గోనెసంచిలో పడ్డాక ఉండదు. అందుచేత నేను గట్టిగా అడిగేది ఒక్కటే: విప్పేటప్పుడే చీటీ కట్టండి. కాగితం నూనెకు ఆగదు కాబట్టి పలుచని అల్యూమినియం రేకు మీద మేకుతో గీసి తీగతో కట్టడం మేలు. కారు పేరు, ఆర్‌సీలో ఉన్న సంవత్సరం, కుడివైపుదో ఎడమవైపుదో, దేనికి బిగించి ఉందో రాస్తే చాలు. ఫొటో తీయకముందే కడగవద్దు. వైరు బ్రష్షు తుప్పుతో పాటు పాత రంగునూ, అచ్చు గుర్తులనూ కూడా ఎత్తుకుపోతుంది. ఎస్‌యూ అనే ఇంగ్లండు కంపెనీ కార్బురేటర్ ఏ రకానిదో చెప్పే చిన్న ఇత్తడి బిళ్ల ఫ్లోట్ గిన్నె మూత స్క్రూ కింద ఉంటుంది. శుభ్రం చేసే తొందరలో మొదట పోయేది అదే.

చీటీ లేకుండా మన చేతికి వచ్చిన సామాను సంగతి వేరు, అక్కడ అంకెలను చదవాలి. పోతలో ఉబ్బెత్తుగా వచ్చిన అంకెనూ, తరువాత గుద్దిన అంకెనూ ఒకటిగా చూడకూడదు. మొదటిది అచ్చుకు సంబంధించినది. ఒకే పోతను రెండు మూడు రకాలుగా కోసి, తొలిచి, వేర్వేరు భాగాలుగా అమ్మిన సందర్భాలు ఉన్నాయి కనుక ఆ అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పరాదు. గుద్దిన అంకె ఇంకా ఎక్కువ చెబుతుంది: ఇంగ్లండు లూకాస్ వారి డైనమో, డిస్ట్రిబ్యూటర్ వంటి విద్యుత్ భాగాల మీద రకం సంఖ్యతో పాటు తయారైన నెల లేదా వారం, సంవత్సరం కూడా గుద్ది ఉంటాయి. ఆ తేదీ కారు తేదీకి కొన్ని నెలలు ముందుంటే అది కారుతో పుట్టిన భాగమయ్యే అవకాశం ఉంది, చాలా తరువాతిదైతే ఎప్పుడో మార్చినదని అర్థం.

అంకెలు అరిగిపోతే మరలు మాట్లాడతాయి. ఫియట్ మరలు మెట్రిక్, అంబాసిడర్ 1489 సీసీ ఇంజినుకు, హెరాల్డ్‌కు ఎక్కువగా యూఎన్‌ఎఫ్ అనే, అంగుళాల కొలతలో సన్నచుట్లుండే మరలు. 5/16 అంగుళం బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు, అంటే కంటికి 8 మిల్లీమీటర్ల బోల్టే. దాని మర మాత్రం అంగుళానికి 24 చుట్లు, చుట్టుకూ చుట్టుకూ మధ్య సుమారు 1.06 మిల్లీమీటర్ల దూరం. 8 మిల్లీమీటర్ల సాధారణ బోల్టుకు ఆ దూరం 1.25. ఒకదానిలో మరొకటి ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, బలవంతపెడితే మర తెగుతుంది. మరల గేజీ చవకైన వస్తువు, అది జేబులో లేనివాడు పాత సామాను కొనడానికి బయలుదేరడం నాకు సాహసంగానే తోస్తుంది.

పేరు కలిసినంత మాత్రాన భాగం కలవదు. ఇటలీలో 1962లో వచ్చిన ఫియట్ 1100 డి ఇంజిను 1221 సీసీ, బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 72 మిల్లీమీటర్లు. మన దేశంలో తయారైన దానిది 1089 సీసీ, బోరు 68. ఇక్కడి పిస్టన్లను అక్కడి సోదర కారుకని పంపితే అవి తిరిగి రావలసిందే. అంబాసిడర్ విషయంలో కథ తిరగబడుతుంది. దాని 1489 సీసీ ఇంజిను బోరు, పిస్టన్ కదిలే దూరమైన స్ట్రోకు ఇంగ్లండులో 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారు తొలి ఇంజినుతో సరిగ్గా సరిపోతాయి, రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి బి సిరీస్ ఇంజిన్ల కుటుంబమే. అయినా సంపీడన నిష్పత్తి, పిస్టన్ తల ఆకారం కలుస్తాయో లేదో కొలిచి చూడకుండా సరిపోతుందని హామీ ఇవ్వకండి.

ఇక్కడ నిజాయితీ చాలా అవసరం. ఇచ్చే చీటీ మీద "కారు నుంచి నేనే విప్పాను" అనీ, "కొలతలు కలిశాయి, బిగించి చూడలేదు" అనీ, "ఊహ మాత్రమే" అనీ తేడా చూపిస్తూ రాయాలి. మూడో రకం చీటీకి ధర తక్కువ పలుకుతుందన్నది నిజమే, కొన్నవాడు మళ్లీ మన దగ్గరకు రావడం కూడా అంతే నిజం.

స్టీరింగు చేతులు, ముందు చక్రం తిరిగే పొట్టి ఇరుసైన స్టబ్ యాక్సిల్ వంటివి పగులు పరీక్ష లేకుండా ఇవ్వవద్దు. పాత మెకానిక్కుల పద్ధతిలో కిరోసిన్‌లో నానబెట్టి, పొడిగా తుడిచి, సుద్దపొడి పూసి, సుత్తితో మెల్లగా తట్టితే పగులు నుంచి నూనె ఊరి తెల్లటి పూత మీద గీతగా కనిపిస్తుంది. పాత బ్రేకు లైనింగులూ, క్లచ్ ప్లేట్లూ మాత్రం ఎంత కొత్తగా కనిపించినా చేయి మార్చకూడదు. వాటిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, ఆ దుమ్మును గాలి గొట్టంతో ఊదడం ఊపిరితిత్తులకు ప్రమాదం.

ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న మిగిలింది. దొరకని హెడ్‌లైటు రింగును ఎక్కువ ధర ఇచ్చి అలమరలో పెట్టుకునేవాడికన్నా, తక్కువిచ్చినా రేపే కారుకు బిగించేవాడికి ఇవ్వడమే నా పద్ధతి. కేంద్ర మోటారు వాహన నియమాల 2021 సవరణతో, 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజినులో పెద్ద మార్పులు లేని కార్లను వింటేజ్‌గా నమోదు చేసి, నంబరులో రాష్ట్రం అక్షరాల తరువాత వీఏ అని ఇస్తున్నారు. అసలు భాగాలకు గిరాకీ అందువల్ల కూడా పెరగవచ్చు, దానితో పాటే దొంగ సరుకూ రావచ్చు. నంబరున్న ఇంజిను బ్లాకు చేతులు మారేటప్పుడు బిల్లు, పాత కారు ఆర్‌సీ నకలు వెంట ఉండాలి. ఆ రెండూ లేని బ్లాకు ఎంత బాగున్నా, అడిగినవాడు ఎంత దగ్గరివాడైనా నేను కొననూ కొనను, ఇప్పించనూ ఇప్పించను.