నీళ్లు కారుతున్నాయా? ముందు గాలి చూడండి

అందరికీ నమస్కారం.

సెంట్రల్ ఏసీ ఉన్న ఇళ్ల నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించేవి రెండే మాటలు. "సీలింగ్ నుంచి నీళ్లు కారుతున్నాయండీ" అనేది ఒకటి, "గాలి సరిగ్గా రావడం లేదండీ" అనేది ఇంకొకటి. వీటిని వేర్వేరు జబ్బులనుకుని, ఒక వారం గాలి కోసం, ఇంకో వారం నీళ్ల కోసం మెకానిక్‌ని పిలుస్తుంటారు. చాలా ఇళ్లలో అవి రెండూ ఒకటే జబ్బు. ముందు గాలి తగ్గుతుంది, దాని వెనకాలే నీళ్లు వస్తాయి. ఇవాళ మీకు చెప్పాలని వచ్చింది ఇదే.

అసలు ఆ నీళ్లు ఎక్కడివి? చల్లటి నీళ్ల గ్లాసు టేబుల్ మీద పెడితే బయట చెమర్చుతుంది కదా, ఇదీ అంతే. ఇంట్లో గాలి కాయిల్‌ని, అంటే ఏసీ లోపలి చల్లటి పైపుల చుట్టని తాకగానే అందులోని తేమ నీళ్లై కింద ట్రేలో పడుతుంది, అక్కణ్నుంచి డ్రెయిన్ పైపులో బయటికి పోతుంది. 1902లో విల్లిస్ కారియర్ తన మొదటి యంత్రాన్ని డిజైన్ చేసింది కూడా ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో తేమను అదుపు చేయడానికే. తేమకు కాగితం సాగి, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడేవి కావట. కాబట్టి ఏసీలో నీళ్లు పుట్టాల్సిందే. ఉక్కపోత కాలంలో రోజుకు 20 లీటర్లు దాటినా వింతేం లేదు. అవి దారి తప్పినప్పుడే మనకు టెన్షన్.

ఒక ఇంటి సంగతి చెబుతాను. పగలంతా ఏసీ నడుస్తుంది, గాలి మాత్రం పల్చగా వస్తుంది. రాత్రి ఆపి పడుకుంటే తెల్లారేసరికి హాల్లో నేలంతా తడి. అప్పటికే ఒకరు వచ్చి రెండుసార్లు గ్యాస్ నింపి వెళ్లారు. నేను వెళ్లి మొదట ఫిల్టర్ లాగాను. విల్లులా లోపలికి వంగిపోయి ఉంది. దాని మీద దుమ్ము బొంతలా పేరుకుని, వేలితో పట్టుకుంటే ఒకే పొరగా ఊడి వచ్చింది. ప్యానెల్ తీసి చూస్తే కాయిల్ కనిపించలేదు, తెల్లటి ఐస్ గడ్డ కనిపించింది.

ఎందుకలా అయింది? కాయిల్ మీదికి ఇంటి వెచ్చటి గాలి సరిపడా రాకపోతే దాని ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కిందకి దిగుతుంది. తేమ నీళ్లుగా జారకుండా అక్కడే గడ్డకడుతుంది. ఐస్ పట్టేకొద్దీ గాలికి దారి ఇంకా మూసుకుపోతుంది, అప్పుడు ఐస్ ఇంకా పెరుగుతుంది. ఏసీ ఆపగానే అదంతా కరుగుతుంది. ట్రే అంచులు దాటి పెరిగిన ఐస్, ట్రేలో కాకుండా సీలింగ్ మీద కరుగుతుంది.

ఐస్ కనిపిస్తే కూలింగ్ ఆపేసి ఫ్యాన్ ఒక్కటే నడపండి. కొన్ని గంటలు, ఒక్కోసారి రోజంతా పడుతుంది. ఓపిక పట్టండి. చాకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకవద్దు. చిన్న చిల్లు పడితే కాయిలే మార్చాలి. ఐస్ కరిగాక కొత్త ఫిల్టర్ వేయండి. దాని అంచున ఉన్న బాణం గుర్తు బ్లోయర్ వైపు, అంటే గాలిని లాగి గదుల్లోకి నెట్టే ఫ్యాన్ వైపు చూడాలి. నెల నుంచి మూడు నెలల లోపు ఎప్పుడు మార్చాలో మీ ఇంటి దుమ్మే చెబుతుంది. గాలి మరీ శుభ్రంగా ఉండాలని దట్టమైన ఫిల్టర్ కొనేవాళ్లను చూశాను. మీ బ్లోయర్ దాన్ని లాగలేకపోతే అది మురికి ఫిల్టర్‌తో సమానమే.

ఫిల్టర్ బాగుండి, ఐస్ లేకుండా నీళ్లు కారుతుంటే అప్పుడు డ్రెయిన్ చూడాలి. అందులో పాచి పట్టి జిగురులా పేరుకుంటుంది. బయట పైపు చివర వాక్యూమ్ పెట్టి లాగితే చాలాసార్లు ఆ జిగురు ముద్దగా వచ్చేస్తుంది. వాక్యూమ్ నీళ్లు లాగే రకమే అయి ఉండాలి. తర్వాత ఇంటి లోపలివైపు ఆ పైపుకున్న మూత తీసి ఒక కప్పు వెనిగర్ పోయండి. పైపులో ఒక వంపు ఉంటుంది, అందులో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండాలి. బ్లోయర్ లోపలికి లాగుతుంటుంది కాబట్టి ఆ వంపు ఎండిపోతే గాలి పైపులోంచి ఎదురొచ్చి ట్రేలో నీళ్లను దిగనివ్వదు. చాలా రోజుల తర్వాత ఏసీ వేసేటప్పుడు అందులో కొంచెం నీళ్లు పోయడం మరవకండి. ట్రే నిండితే ఏసీని ఆపేసే ఫ్లోట్ స్విచ్ కొన్నింటికి ఉంటుంది. ఏసీ మాటిమాటికీ ఆగిపోతోందని దాని వైర్లు కలిపేయమంటే ఒప్పుకోవద్దు. మీ సీలింగ్‌ని కాపాడుతున్నది అదే.

ఇప్పుడు గాలి సంగతి. తగ్గింది అన్ని గదుల్లోనా, ఒక్క గదిలోనా? అన్నింట్లో అయితే ఫిల్టర్, కాయిల్, బ్లోయర్ చూడాలి. గాలిని వెనక్కి లాగే గ్రిల్‌కి సోఫా అడ్డంగా ఉందేమో కూడా చూడండి. ఒక్క గదిలోనే అయితే అది డక్ట్ సమస్య, అంటే ఆ గదికి గాలి తెచ్చే గొట్టం సమస్య. ఎక్కడో నలిగిపోయి ఉంటుంది, లేదా జాయింట్ ఊడి చల్లగాలంతా సీలింగ్ పైన వృథాగా పోతుంటుంది. కరెంటు ఆదా అవుతుందని వాడని గదుల గ్రిల్స్ మూసేయడం కూడా మంచిది కాదు. డక్ట్‌లో ఒత్తిడి పెరిగి, మొత్తం గాలి తగ్గి, మళ్లీ అదే ఐస్ దగ్గరికి వస్తాం.

గ్యాస్ గురించి మాత్రం గట్టిగా చెబుతాను. అది పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు, మూసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకవుతోందన్నమాటే. గ్యాస్ తగ్గినా కాయిల్‌కి ఐస్ పడుతుంది, నిజమే. కానీ లీకు చూపించకుండా నింపుతానంటే డబ్బు ఇవ్వకండి.

ఏ ప్యానెల్ తీయాలన్నా ముందు బ్రేకర్ ఆపండి. గ్యాస్, కంప్రెసర్, వైరింగ్ పనులు మెకానిక్‌కే వదిలేయండి. ఫోన్ చేసేటప్పుడు "ఏసీ పాడైంది" అని ఊరుకోకండి. గాలి ఎన్ని గదుల్లో తగ్గింది, నీళ్లు ఏసీ నడుస్తుండగా కారుతున్నాయా, ఆపాక కారుతున్నాయా, ఫిల్టర్ ఎప్పుడు మార్చారు, ఈ మూడూ చెప్పండి. అవి వింటే నాకు సగం పని అక్కడే తెలిసిపోతుంది.

ఇక మీ ఇళ్లలో ఏం జరుగుతోందో చెప్పండి, ఒక్కొక్కటీ చూద్దాం.