హోమ్‌లో చేర్చే ముందు రాత్రి సంగతి అడగండి

అందరికీ నమస్కారం.

హైదరాబాద్ చుట్టుపక్కల పెద్దవాళ్ల వసతులకు ఇప్పుడు కొదవ లేదు. బోర్డు మీది పేరు చూసి మాత్రం ఏదీ తేల్చుకోలేం. సీనియర్ లివింగ్ తమ పనులు తాము చేసుకునేవాళ్లకు. స్నానానికో, బట్టలు మార్చుకోవడానికో మనిషి కావాలంటే అసిస్టెడ్ లివింగ్. మంచాన పడ్డవాళ్లకు, ముక్కు గొట్టంతో ఆహారం ఇవ్వాల్సినవాళ్లకు నర్సింగ్ కేర్.

తేల్చుకోవడానికి డాక్టర్లు ఆరు పనులు చూస్తారు: స్నానం, బట్టలు, మరుగుదొడ్డికి వెళ్లి రావడం, మంచం నుంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోవడం, తినడం. ఫోన్లో అడిగితే అందరూ "బానే ఉన్నాం" అనే అంటారు. రెండు రోజులు పక్కనుండి చూడండి.

పగలు పదకొండింటికి వెళ్తే ఏ హోమ్ అయినా ముచ్చటగానే ఉంటుంది. రాత్రి రెండింటికి బెల్ కొడితే ఎవరొస్తారు? ఏ అంతస్తు నుంచి? వచ్చేది నర్సా, ఆయానా? ఒక్కరు ఎంతమందిని చూస్తారు? బాత్రూములో కమోడ్ పక్క రాడ్‌ను గట్టిగా లాగి చూడండి. తువ్వాలు వేసుకునే రాడ్ మనిషి బరువు ఆపదు. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునేదైతే, పడిపోయిన మనిషే దానికి అడ్డమవుతారు. లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందో లేదో కూడా చూడాలి.

కదల్లేనివాళ్లను మామూలుగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుం కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. తిప్పినప్పుడల్లా రాసే రిజిస్టరు చూపించమనండి. రాత్రి గళ్లన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో నింపినట్టుంటే అనుమానించాల్సిందే.

డబ్బు దగ్గర గొడవలు నెలవారీ ఫీజు కంటే విడిగా వేసే బిల్లులతోనే ఎక్కువ: డయాపర్లు, ఫిజియోథెరపీ, ఆసుపత్రికి తోడు వెళ్లే మనిషి. ఆసుపత్రిలో ఉన్న రోజులకూ ఫీజు కట్టాలా, డిపాజిట్ ఎన్నాళ్లకు తిరిగొస్తుంది, మతిమరుపు ముదిరితే ఉంచుకుంటారా, పంపించేస్తారా అన్నవి ఒప్పందంలో రాయించుకోండి. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆయుష్మాన్ కార్డు మీద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది. అది ఆసుపత్రి ఖర్చుకే, హోమ్ ఫీజుకు కాదు. పిల్లలు అమెరికాలో ఉంటే అత్యవసరానికి సంతకం పెట్టే మనిషి ఊళ్లోనే ఉండాలి.

ఇల్లు పిల్లల పేర రాసిచ్చే పెద్దలకు ఒక మాట. చూసుకోకపోతే తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమానికి తెచ్చిన 2007 చట్టం 23వ సెక్షన్ కింద గిఫ్ట్ డీడ్ రద్దు కోరవచ్చు. పోషణ షరతు దస్తావేజులోనే రాయించండి, నోటిమాట నిలవడం కష్టం. సందేహముంటే పెద్దల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.