12 చాలు: కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌లో ఎన్ని జట్లుండాలి?

అందరికీ నమస్కారం.

ఈ పూట మాట్లాడుకునేది అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి. కోలగా ఉండే బంతితో, హెల్మెట్లు పెట్టుకుని ఆడే ఆట అది. సీజన్ చివర ఛాంపియన్ని తేల్చే ప్లేఆఫ్‌లోకి ఎన్ని జట్లను రానివ్వాలన్నది ప్రశ్న. 1998 నుంచి 2013 వరకు రెండే జట్లు. 2014 నుంచి నాలుగు. 2024 నుంచి 12. ఆ 12తో రెండు సీజన్లు గడిచాయో లేదో, 16 కావాలని కొందరు, 24 కావాలని ఇంకొందరు మొదలుపెట్టారు. నన్నడిగితే 12 చాలు. కాకపోతే ఇప్పుడు నడుస్తున్న పద్ధతికి ఒక రిపేరు చేయాలి. అది మ్యాచ్‌లు ఎక్కడ, ఎప్పుడు పెడుతున్నారన్న దగ్గర చేయాల్సిన రిపేరు. జట్లను పెంచితే అది జరగదు.

ముందు ఈ గొడవ ఎందుకు పుడుతుందో చూద్దాం. ఐపీఎల్‌లో 10 జట్లు, ఒక్కోదానికి 14 మ్యాచ్‌లు. పాయింట్ల పట్టికలో పై నాలుగూ ముందుకెళ్తాయి. సమానమైతే నెట్ రన్ రేట్ చూస్తారు. మధ్యలో ఎవరి అభిప్రాయంతోనూ పని లేదు. ఇక్కడ 2025 సీజన్‌లో పై డివిజన్‌లోనే 136 జట్లున్నాయి. ఒక్కో జట్టు ఆడేది 12 మ్యాచ్‌లు. 136 జట్ల మధ్య వీలయ్యే జోడీలు 9,180. జరిగే మ్యాచ్‌లు ఎనిమిది వందల చిల్లర. వాటిలోనూ ఎక్కువ భాగం ఎవరి కాన్ఫరెన్స్‌లో (కొన్ని కాలేజీలు కలిసి పెట్టుకున్న లీగు) వాళ్లు ఆడుకునేవే. నెట్ రన్ రేట్ లాంటిది పెడదామంటే, బలహీన జట్టును పిలిచి 60 పాయింట్లు బాదినవాడికే లాభం. అందుకే 13 మంది సభ్యుల సెలక్షన్ కమిటీ కూర్చుని గెలుపోటములు, ప్రత్యర్థుల బలం, ముఖాముఖి ఫలితం, ఉమ్మడి ప్రత్యర్థులతో ఎలా ఆడారన్నది చూసి ర్యాంకులిస్తుంది. మనుషులు ఇచ్చే ర్యాంకులు కాబట్టి, గీత ఎక్కడ గీసినా దానికి అటూ ఇటూ ఉన్న జట్ల మధ్య తగాదా ఖాయం. నాలుగైతే ఐదోవాడు అరుస్తాడు, 12 అయితే 13వవాడు అరుస్తాడు. అరుపు ఆపడం ఎవరి వల్లా కాదు. ఆ అరుపులో పస ఎంత అన్నదే చూడాలి.

పస ఎలా తగ్గుతూ వచ్చిందో చూడండి. 2004లో రెండే జట్లు. ఆబర్న్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, అయినా ఫైనల్‌కు పిలుపు రాలేదు. పిలుపు వచ్చిన ఓక్లహోమా 55-19తో యూఎస్‌సీ చేతిలో చిత్తయింది. ఆబర్న్ కడుపుమంటను తప్పు పట్టగలమా? 2023లో నాలుగు జట్లు. ఫ్లోరిడా స్టేట్ 13-0తో, అంటే 13 గెలిచి ఒక్కటీ ఓడకుండా, కాన్ఫరెన్స్ గెలిచింది. దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడు కాబట్టి మునుపటి జట్టు కాదని పక్కన పెట్టారు. ఓడనివాణ్ని బయట నిలబెట్టడం ఏ ఆటలోనైనా కష్టమైన వ్యవహారమే.

ఇక 12కి వద్దాం. 2024లో బయట మిగిలిన మొదటి జట్టు అలబామా, 9-3. ఆ మూడు ఓటముల్లో రెండు వాండర్‌బిల్ట్, ఓక్లహోమాల చేతిలో. ఆ రెండు జట్లూ రెగ్యులర్ సీజన్‌ను 6-6తో ముగించినవే. 2025లో నోటర్ డేమ్, 10-2. దాని ఫిర్యాదులో కొంత న్యాయముంది. కమిటీ వారాల తరబడి దాన్ని మయామీ కంటే పైన ఉంచి, ఇద్దరూ మ్యాచ్ ఆడని ఆఖరి వారంలో వరుస తిప్పేసింది. మధ్యలో ఉన్న బీవైయూ ఓడి కిందికి జారడంతో రెండూ పక్కపక్కకు వచ్చాయి, అప్పుడు ముఖాముఖి ఫలితం గుర్తొచ్చింది. ఆగస్టు 31న మయామీ 27-24తో నోటర్ డేమ్‌ను ఓడించింది మరి. అది మొదటి రోజే గుర్తుండాల్సిన సంగతి. తప్పు కమిటీ పనితీరులో ఉంది, 12 అనే అంకెలో లేదు. ‘మేమే దేశంలో నంబర్ వన్, మాకు అవకాశమివ్వలేదు’ అని ఆబర్న్ అనగలిగింది. 12 జట్ల పద్ధతిలో బయట మిగిలినవాళ్లెవరూ ఆ మాట అనలేరు.

మరి ఎనిమిదితో సరిపెట్టుకోవచ్చు కదా అనేవాళ్లున్నారు. నికార్సయిన బ్రాకెట్ (నాకౌట్ జోడీల పట్టిక) అది, బైలు, అంటే ఆడకుండానే తొలి రౌండ్ దాటేయడం, ఉండవు, ఏడు మ్యాచ్‌ల్లో అయిపోతుంది. కానీ 2024, 2025 సీజన్లలో ర్యాంకుల్లో ముందున్న ఐదుగురు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకు చోటు ఖాయమన్న నియమం ఉండేది. చిన్న కాన్ఫరెన్స్‌లకు తలుపు తెరిచి ఉంచింది అదే. దాన్ని ఎనిమిదిలో ఇరికిస్తే మిగతావాళ్లకు మూడే సీట్లు. 2024 ర్యాంకులతో లెక్క వేయండి. ఛాంపియన్లుగా ఒరెగాన్, జార్జియా, బోయిసీ స్టేట్, అరిజోనా స్టేట్, క్లెమ్సన్. మిగతా మూడు టెక్సస్, పెన్ స్టేట్, నోటర్ డేమ్‌లకు. ఆరో ర్యాంకు ఒహాయో స్టేట్ ఇంట్లో కూర్చుని టీవీ చూడాలి. ఆ ఏడాది ట్రోఫీ ఎత్తింది ఆ ఒహాయో స్టేటే!

ఇప్పుడు అసలు సంగతి, బై. నాకౌట్‌లో జట్లు 4, 8, 16, 32 ఉంటే సమంగా జతపడతాయి. 12 ఉంటే 16కు నాలుగు తక్కువ కాబట్టి మొదటి నలుగురికి తొలి రౌండ్ ఆడక్కర్లేదు. దీని విలువెంతో అంకెల్లో చూద్దాం. ఒక బలమైన జట్టుకు ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం 75 శాతం అనుకోండి. రెండు మ్యాచ్‌లు వరసగా గెలిచే అవకాశం 56 శాతం. మూడైతే 42. నాలుగైతే 32. అంటే బై దొరికితే ట్రోఫీ అవకాశం 32 నుంచి 42కు పెరగాలి. లెక్క ప్రకారం పెద్ద బహుమతే.

ఆచరణలో ఏమైంది? 2024లో బై దొరికిన నాలుగు జట్లూ తమ మొదటి మ్యాచ్‌లోనే ఇంటిదారి పట్టాయి. 2025లో ఇండియానా ఒక్కటే గట్టెక్కింది. ఒహాయో స్టేట్, జార్జియా, టెక్సస్ టెక్ ఓడాయి. రెండేళ్లలో ఎనిమిది మ్యాచ్‌లు, ఒక గెలుపు, ఏడు ఓటములు. 2024కు ఒక సాకు ఉంది. అప్పట్లో బైలు ఛాంపియన్లకే ఇవ్వడంతో 9వ ర్యాంకు బోయిసీ, 12వ ర్యాంకు అరిజోనా స్టేట్ 3, 4 సీడ్లయ్యాయి (సీడ్ అంటే బ్రాకెట్‌లో ఇచ్చే వరుస స్థానం). 2025 నుంచి ర్యాంకు ఎంతో సీడ్ అంతే అని సరిచేశారు. అయినా నలుగురిలో ముగ్గురు పోయారు. ఎనిమిది మ్యాచ్‌లు చిన్న నమూనా, కాదనను. కానీ కారణాలు కళ్లకు కనబడుతూనే ఉన్నాయి.

మొదటిది విరామం. కాన్ఫరెన్స్ ఫైనల్ డిసెంబరు మొదటి శనివారం. క్వార్టర్ ఫైనల్ జనవరి 1 ప్రాంతంలో. మధ్యలో దాదాపు 25 రోజుల ఖాళీ. ఎదుటి జట్టు మాత్రం పది పన్నెండు రోజుల క్రితమే నిజమైన మ్యాచ్ ఆడి వేడి మీద వస్తుంది. రెండోది మైదానం. 5 నుంచి 8 సీడ్లు తొలి రౌండ్‌ను సొంత క్యాంపస్‌లో, సొంత జనం మధ్య ఆడతాయి. 1 నుంచి 4 సీడ్లకు ఆ భాగ్యం లేదు. క్వార్టర్ ఫైనళ్లు రోజ్ బౌల్, షుగర్ బౌల్ లాంటి ‘బౌల్’ మ్యాచ్‌ల (ఏటా సీజన్ చివర జరిగే సంప్రదాయ మ్యాచ్‌లు) తటస్థ వేదికల్లో పెడతారు. అంటే సీజనంతా చెమటోడ్చి మొదటి స్థానంలో నిలిచినవాడికి ఒక్క హోం మ్యాచ్ కూడా దక్కదు, ఎనిమిదోవాడికి దక్కుతుంది. పెళ్లికొడుకుని పందిట్లో నిలబెట్టి బంధువులకు పీటలు వేసినట్టుంది. సొంత మైదానం ఉంటే గెలుపు రాసిపెట్టినట్టేనని కాదు. 2025లో లక్ష మంది పట్టే స్టేడియంలో టెక్సస్ ఏ అండ్ ఎం 10-3తో మయామీ చేతిలో ఓడింది. అయినా రెండేళ్లలో తొలి రౌండ్ ఆతిథ్య జట్లు ఎనిమిదింట ఆరు గెలిచాయి.

కాబట్టి నేను చెప్పే రిపేరు ఇది. సీజన్‌ను ఒక వారం ముందుకు జరిపి, కాన్ఫరెన్స్ ఫైనళ్లు నవంబరు ఆఖర్లో ముగించాలి. తొలి రౌండ్ డిసెంబరు రెండో వారంలో. క్వార్టర్ ఫైనళ్లు మూడో వారంలో, పై నాలుగు సీడ్ల క్యాంపస్‌లలో. సెమీఫైనళ్లు జనవరి 1న బౌల్ వేదికల్లో, ఫైనల్ ఆ తర్వాతి వారంలో. బై తాలూకు ఖాళీ 25 రోజుల నుంచి రెండు మూడు వారాలకు దిగుతుంది, దానికి తోడు హోం మ్యాచ్ వస్తుంది.

దీనికి అడ్డంకులు లేకపోలేదు. డిసెంబరు రెండో శనివారం ఆర్మీ, నేవీ జట్ల మ్యాచ్‌కు కేటాయించిన రోజు, దాన్ని కదిలిస్తే ఊరుకోరు. అందుకని తొలి రౌండ్‌ను గురు, శుక్రవారాల్లో పెట్టాలి. ఇక ఎన్‌ఎఫ్‌ఎల్. 1961 నాటి ప్రసార చట్టం పుణ్యమా అని డిసెంబరు రెండో శనివారం దాకా ఆ ప్రొఫెషనల్ లీగు శనివారాలను కాలేజీలకు వదిలేస్తుంది. ఆ తర్వాత తనూ శనివారం మ్యాచ్‌లు పెట్టి టీవీ ప్రేక్షకుల్ని లాగేసుకుంటుంది. 2024 డిసెంబరు 21న అదే జరిగింది. మూడో వారం క్వార్టర్ ఫైనళ్లకు ఆ పోటీ తప్పదు, కాని తొలి రౌండ్ కంటే క్వార్టర్ ఫైనల్‌కే దాన్ని తట్టుకునే బలముంటుంది. అన్నిటికంటే పెద్ద అడ్డు బౌల్ నిర్వాహకులు. క్వార్టర్ ఫైనళ్లు పోతే వాళ్లకు మిగిలేవి రెండే సెమీఫైనళ్లు. ఒప్పుకోరు, డబ్బుతో ఒప్పించాలి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. 12 జట్ల పద్ధతి మొదలైనప్పుడు, ప్లేఆఫ్‌లో అడుగుపెడితే 40 లక్షల డాలర్లు, క్వార్టర్ ఫైనల్‌కు మరో 40, సెమీఫైనల్‌కు 60, ఫైనల్‌కు 60 లక్షలు జట్టు తాలూకు కాన్ఫరెన్స్‌కు ఇచ్చారు. ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేని నోటర్ డేమ్ 2024లో ఫైనల్ దాకా వెళ్లి రెండు కోట్ల డాలర్లూ తనే ఉంచుకుంది. 16 కావాలి, 24 కావాలి అన్న మాటల వెనక చప్పుడు చేసేది ఈ గల్లాపెట్టే.

16 అయితే ఏం పోతుందంటే, బై పోతుంది. ఒకటో సీడ్‌కూ ఎనిమిదో సీడ్‌కూ దక్కేది అదే ఒక్క హోం మ్యాచ్. నవంబరులో పై నాలుగు స్థానాల కోసం జరిగే పోరు చప్పబడుతుంది. 2025లో ఐదుగురు ఛాంపియన్లు, 11 మంది ఇతరులన్న పద్ధతి ఉంటే అదనంగా వచ్చేవి నోటర్ డేమ్, బీవైయూ, టెక్సస్, వాండర్‌బిల్ట్. అందులో టెక్సస్ మూడు ఓడింది, ఒకటి ఆ ఏడాది నాలుగే గెలిచిన ఫ్లోరిడా చేతిలో. ఇక బిగ్ టెన్ కాన్ఫరెన్స్ 2025లో ముందుకు తోసిన ప్రతిపాదన ఇంకా విడ్డూరం. తనకు నాలుగు, మరో పెద్ద కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీకి నాలుగు, ఇంకో రెండు పెద్ద కాన్ఫరెన్స్‌లకు రెండేసి, చిన్నవాళ్లందరికీ కలిపి ఒకటి. 16 సీట్లలో 13 బంతి కదలకముందే పంచేసుకోవడమన్నమాట. ఎన్నికల పొత్తుల్లో సీట్ల సర్దుబాటు చూసినవాళ్లకు ఇది బాగా తెలిసిన వ్యవహారమే.

24 ఎలా ఉంటుందో ఊహించక్కర్లేదు, కింది డివిజన్ ఎఫ్‌సీఎస్‌లో చూడొచ్చు. అక్కడ 1978లో నాలుగు జట్లతో మొదలై 1981లో 8, మరుసటేడే 12, 1986లో 16, 2010లో 20, 2013లో 24 అయ్యాయి. ఒకసారి పెంచాక తగ్గించిన దాఖలా లేదు. అక్కడ నడుస్తోంది కదా అంటే, అక్కడ చాలా కాన్ఫరెన్స్‌లకు టైటిల్ మ్యాచ్ లేదు, బౌల్ వేదికల గొడవా లేదు. సెమీఫైనల్ దాకా క్యాంపస్‌లలోనే ఆడతారు. పై డివిజన్‌లో 24 పెడితే 12 రెగ్యులర్ మ్యాచ్‌లు, ఒక కాన్ఫరెన్స్ ఫైనల్, బై లేనివాడికి ఐదు ప్లేఆఫ్ మ్యాచ్‌లు. మొత్తం 18. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు రెగ్యులర్ సీజనంతా కలిపి ఆడేది 17. ఆ ఆటగాళ్లకు అది ఉద్యోగం. ఈ పిల్లలకు డిసెంబరులో సెమిస్టర్ పరీక్షలు.

2025 బ్రాకెట్‌నే తీసుకుని నేను చెప్పిన మార్పు వేసి చూడండి. ఇండియానా అలబామాను రోజ్ బౌల్ వేదిక పాసడేనాలో కాకుండా సొంతూరు బ్లూమింగ్టన్ చలిలో, తన విద్యార్థుల ముందు ఎదుర్కొంటుంది. పాసడేనాలోనే 38-3తో గెలిచింది కాబట్టి దానికి తేడా ఉండకపోవచ్చు. నాలుగో సీడ్ టెక్సస్ టెక్ సంగతి వేరు. ఫ్లోరిడాలో ఆరెంజ్ బౌల్ వేదిక మీద ఒరెగాన్ చేతిలో 23-0తో ఓడింది. మా మార్పు ఉంటే ఒరెగాన్ విమానమెక్కి టెక్సస్ టెక్ సొంతూరు లబ్బక్‌కు రావాలి. తొలి రౌండ్‌లో జేమ్స్ మాడిసన్ జట్టుకు 34 పాయింట్లు సమర్పించుకున్న వారం రోజులకే రావాలి.